కడుపు జబ్బులకు ఏ పరీక్ష? ఏఐ ఉన్న చోటికే పోవాలా?

నల్లగొండలోనూ పాలమూరులోనూ ఈ మధ్య ఒక మాట తరచుగా వినపడుతోంది. "హైదరాబాదులో ఏఐతో కడుపు పరీక్ష చేస్తున్నారట, నేరుగా అక్కడికే పోదామా?" అని. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే నెలల తరబడి గ్యాస్ గోలీలు మింగి విసిగిపోయినవాళ్లు. నేను నల్లగొండలో స్కానింగ్ టెక్నీషియన్‌గా పనిచేస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదట తేలాల్సింది ఏ అవయవాన్ని, ఏ అనుమానంతో చూడాలన్నది. దాన్నిబట్టి పరీక్ష. తర్వాత ఆ పరీక్ష చేసే డాక్టరు చేయి, దానికోసం మీరు ఇంట్లో చేసుకునే తయారీ. ఏఐ ఉందా లేదా అన్నది వీటన్నిటి తర్వాత వచ్చే ప్రశ్న. కొన్ని పరీక్షల్లో అది నిజంగా పనికొస్తుంది, కొన్నింటిలో పేరుకే ఉంటుంది.

పోలికలు మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. నెత్తురు వాంతి అయినా, తారులాగా నల్లగా జిగటగా విరేచనం అయి కళ్లు తిరుగుతున్నా, పొట్ట గట్టిగా బిగుసుకుపోయి నొప్పి భరించలేకపోతున్నా, గాలి కూడా పోకుండా పొట్ట ఉబ్బి వాంతులవుతున్నా, కామెర్లతో పాటు చలిజ్వరం ఉన్నా, ఏ పరీక్ష మంచిదని ఆలోచిస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్ద దవాఖానకు పోవాలి. ఏ పరీక్ష చేయాలో అక్కడివాళ్లు చూసుకుంటారు. ఐరన్ గోలీలు వాడేవాళ్లకు కూడా విరేచనం నల్లగా వస్తుంది. ఆ గోలీలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, అంతేగాని మీ అంతట మీరే "ఐరన్ వల్లేలే" అని వదిలేయకండి.

అల్ట్రాసౌండా, ఎండోస్కోపీయా

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. "స్కానింగ్ చేయించినం, అంతా నార్మలే అన్నరు, కానీ మంట తగ్గలేదు" అని రిపోర్టు పట్టుకుని మళ్లీ వస్తారు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. అల్ట్రాసౌండ్ శబ్ద తరంగాలతో పనిచేస్తుంది. లివర్, గాల్ బ్లాడర్, కిడ్నీలు, పొట్టలో చేరిన నీరు దానికి బాగా కనపడతాయి. కడుపు లోపలి పొర మీద ఉన్న పుండు కనపడదు. కడుపులోనూ పేగుల్లోనూ ఎప్పుడూ గాలి ఉంటుంది, ఆ గాలి దగ్గరే తరంగాలు ఆగిపోతాయి. అల్సర్ ఉందేమో చూడమని అల్ట్రాసౌండ్‌కు వస్తే, రిపోర్టు నార్మల్ వచ్చినంత మాత్రాన అల్సర్ లేదని అర్థం కాదు.

ఎండోస్కోపీ అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని నోట్లోంచి అన్నవాహిక, కడుపు, చిన్నపేగు మొదటి భాగం దాకా పంపి నేరుగా చూడటం. పరీక్ష పది నిమిషాల లోపే అయిపోతుంది. గొంతుకు మొద్దుబారే స్ప్రే కొడతారు, భయపడేవాళ్లకు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. అనుమానంగా కనపడిన చోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపగలగడం దీని అసలు బలం. ఏ స్కానింగూ ఆ పని చేయలేదు. కానీ ఎండోస్కోపీకి గాల్ బ్లాడర్ కనపడదు, లివర్ కనపడదు. అంటే ఈ రెండు పరీక్షల్లో ఏది గొప్పది అన్న ప్రశ్నే సరైనది కాదు.

నొప్పి కుడివైపు పక్కటెముకల కింద మొదలై భుజానికో వీపుకో పాకుతుంటే, నూనె తిండి తిన్నాక ఎక్కువవుతుంటే గాల్ బ్లాడర్ రాళ్లను అనుమానించి ముందు అల్ట్రాసౌండ్ చేయిస్తారు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. గాల్ బ్లాడర్ రాళ్లకు అల్ట్రాసౌండే సీటీ కంటే మెరుగైన పరీక్ష. కొలెస్ట్రాల్ రాళ్లు కొన్ని సీటీలో కనపడకుండా తప్పించుకుంటాయి. ఖరీదైన పరీక్షే గట్టిదనే నమ్మకం ఇక్కడ పనిచేయదు. ఆరు గంటలు ఏమీ తినకుండా వస్తే గాల్ బ్లాడర్ నిండుగా ఉండి రాయి స్పష్టంగా తెలుస్తుంది. టిఫిన్ చేసి వస్తే అది ముడుచుకుపోయి ఉంటుంది. ఉదయం చాయ్ కూడా వద్దనేది అందుకే, పాలకు కూడా గాల్ బ్లాడర్ ముడుచుకుంటుంది.

ఛాతీ మధ్యలో మంట, పుల్లటి తేన్పులు, పొట్ట పైభాగంలో నొప్పి ఉన్నప్పుడు ఎండోస్కోపీ కావాలా వద్దా అనేది వయసును, ప్రమాద సూచనలను బట్టి ఉంటుంది. చిన్న వయసులో, వేరే ప్రమాద సూచనలు లేనప్పుడు డాక్టరు కొన్ని వారాలు మందులిచ్చి చూస్తారు. అది నిర్లక్ష్యం కాదు, సరైన పద్ధతే. అయితే తిండి మింగుతుంటే గొంతులోనో ఛాతీలోనో అడ్డం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, నెత్తురు తక్కువైందని తేలినా, వాంతులు ఆగకపోయినా, యాభై దాటాక మొదటిసారి ఈ బాధ మొదలైనా ఆలస్యం చేయకూడదు. అప్పుడు మళ్లీ ఇంకో డబ్బా గోలీలు కొనుక్కోవడం ప్రమాదం.

మన ప్రాంతానికి సంబంధించి ఇంకో సంగతి ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లలో కీళ్ల నొప్పులు, నడుము పట్టేయడం సాధారణం. ఆ నొప్పికి రోజూ మందుల షాపులోనో ఆర్ఎంపీ దగ్గరో నొప్పి గోలీ తీసుకుంటారు. డైక్లోఫెనాక్ లాంటి గోలీలు కడుపు లోపలి పొరను కాపాడే జిగురును తగ్గించి పుండ్లు చేస్తాయి. ముసలివాళ్లలో ఆ పుండు నొప్పి లేకుండానే ముదిరి, ఒక్కసారిగా నెత్తురు కారడంతో బయటపడవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ నొప్పి గోలీ వేసుకుంటూ నీరసంగా, పాలిపోయి కనపడుతుంటే ముందు హిమోగ్లోబిన్ చూపించండి. తక్కువ ఉంటే ఎండోస్కోపీ గురించి అడగండి. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ గోలీల అట్ట తప్పకుండా తీసుకెళ్లాలి.

పుండ్లకు రెండో పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. 1982లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని గుర్తించారు. 2005లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎండోస్కోపీ చేసేటప్పుడే చిన్న ముక్క తీసి దీన్ని పరీక్షిస్తారు. ఊపిరితో చేసే యూరియా బ్రెత్ టెస్టూ ఉంది. పాంటాప్ లాంటి యాసిడ్ తగ్గించే గోలీలు మింగుతూ ఈ పరీక్ష చేయించుకుంటే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు రావచ్చు. సాధారణంగా రెండు వారాల ముందు ఆ గోలీలు, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్స్ ఆపమంటారు. డాక్టరును అడిగే ఆపండి, ఎందుకంటే నెత్తురు కారిన పుండు ఉన్నవాళ్లకు ఆపడం మంచిది కాదు.

ఈ రెండు పరీక్షల్లో ఏఐ సంగతేమిటి? కడుపు క్యాన్సర్ ఎక్కువగా ఉండే జపాన్, చైనాల్లో తొలి దశ మచ్చలను పట్టుకోవడానికి దాన్ని బాగానే వాడి చూస్తున్నారు. మన దగ్గర మామూలు మంటకు, పుండుకు చేసే ఎండోస్కోపీలో దాని కోసం వంద కిలోమీటర్లు పోవాల్సిన పని నాకైతే కనపడలేదు. పుండు కెమెరాలో కళ్లకు కనపడుతుంది. అనుమానం వస్తే బయాప్సీ తేలుస్తుంది.

పెద్దపేగు పరీక్షలో ఏఐ: పనికొచ్చేది ఎంత

ఏఐ గట్టిగా నిలబడిన చోటు కొలొనోస్కోపీయే. కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మలద్వారం గుండా గొట్టం పంపి పెద్దపేగు మొత్తాన్ని చూసే పరీక్ష ఇది. పేగు గోడ మీద పాలిప్స్ అనే చిన్న బుడిపెలు వస్తాయి. వాటిలో అడినోమా రకం కొన్ని, ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారవచ్చు. వాటిని ముందే చూసి తీసేస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. అయితే బుడిపె చిన్నదైతే, చదునుగా ఉంటే, మంచి డాక్టరు కన్ను కూడా దాటిపోవచ్చు. ఏఐ ఇక్కడికే వచ్చింది. కెమెరా పంపే వీడియోను అది క్షణక్షణం చూస్తూ, అనుమానం వచ్చిన చోట తెర మీద పెట్టె గీసి చూపిస్తుంది. అమెరికాలో ఇలాంటి మొదటి పరికరానికి, మెడ్‌ట్రానిక్ కంపెనీ అమ్మే జీఐ జీనియస్‌కు, 2021లో అనుమతి వచ్చింది. ఫుజిఫిల్మ్, ఒలింపస్ కంపెనీలకూ ఇలాంటివి ఉన్నాయి.

ఫలితాలు కూడా ఉన్నాయి. 2019లో చైనాలో చేసిన అధ్యయనంలో అడినోమా దొరికినవాళ్లు ఏఐ లేకుండా 20.3 శాతం, ఏఐతో 29.1 శాతం. 2020లో ఇటలీ అధ్యయనంలో 40.4 శాతం నుంచి 54.8 శాతానికి పెరిగింది. అంకెలు బాగున్నాయి. కానీ అదనంగా దొరికినవాటిలో ఎక్కువ భాగం బాగా చిన్న బుడిపెలు. వాటిని తీయడం వల్ల క్యాన్సర్ మరణాలు ఎంత తగ్గుతాయనేది ఇంకా తేలలేదు. అందుకే 2025లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి అందరికీ మామూలుగా వాడమని చెప్పడానికి వెనకాడింది.

పత్తి చేలో గులాబీ పురుగు కోసం కాయలు చూసుకుంటూ పోయేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండి "అదిగో అక్కడ" అని వేలు చూపిస్తే ఎలా ఉంటుందో ఏఐ అలాంటిది. కానీ ఆకు పక్కకు జరిపి చూడకపోతే దాని చాటున ఉన్న కాయ ఇద్దరికీ కనపడదు. కెమెరా పేగు మడత వెనక్కి తిరగకపోతే, పేగు శుభ్రంగా లేకపోతే ఏఐ కూడా ఏమీ చూడలేదు. పైగా నురగనూ మలం తునకలనూ చూసి పాలిప్ అనుకుని పెట్టెలు గీస్తుంది. అది నిజమా కాదా అని తేల్చేది డాక్టరే.

నేను అన్నిటికంటే ముఖ్యంగా చూసేది డాక్టరు ఓపిక. గొట్టం చివరిదాకా పంపాక, వెనక్కి లాగుతూ చూడటానికి కనీసం 6 నిమిషాలు పెట్టాలనేది చాలాకాలంగా ఉన్న నియమం. అమెరికా వైద్య సంఘాలు ఇప్పుడు 8 నిమిషాలు అంటున్నాయి. గొట్టం పెద్దపేగు మొదలు దాకా, అంటే సీకమ్ దాకా చేరిందా, శుభ్రత ఎలా ఉంది అనేవి రిపోర్టులో రాసి ఉండాలి. ఏఐ ఉందని బోర్డు పెట్టి ఈ రెండూ రాయని రిపోర్టు కంటే, ఏఐ లేకపోయినా ఇవి రాసిన రిపోర్టునే నేను నమ్ముతాను. 2025లో పోలండ్ నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. ఏఐకి అలవాటు పడ్డ డాక్టర్లు అది లేకుండా చేసిన పరీక్షల్లో అడినోమా గుర్తింపు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయింది. యంత్రం మీద ఆధారపడితే కన్ను మొద్దుబారుతుందేమో అన్న ఆందోళన దీనితో బలపడింది. సొంతంగా జాగ్రత్తగా చూసే డాక్టరు చేతిలోనే ఏఐ విలువ పెరుగుతుందని నేననుకుంటాను.

ఎవరికి ఏఐ ఉన్న కొలొనోస్కోపీ కోసం ప్రత్యేకంగా పోవడం న్యాయం? అమ్మకో నాన్నకో తోబుట్టువుకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్లకు, ఇంతకుముందు పాలిప్ తీయించుకుని మళ్లీ చూపించుకోవాల్సినవాళ్లకు. ఖర్చులో పెద్ద తేడా లేకపోతే ఏఐ ఉన్నచోటే చేయించుకోండి, నష్టం లేదు. మలంలో నెత్తురు, నెలల తరబడి విరేచనాలు ఉన్నవాళ్లకు మాత్రం త్వరగా, మంచి చేతిలో, బయాప్సీతో పరీక్ష జరగడం ముఖ్యం. ఏఐ ఉన్న చోట అపాయింట్‌మెంట్ కోసం నెల రోజులు ఆగడం వాళ్లకు మంచిది కాదు.

తయారీ విషయానికొస్తే, మన తిండికి తగ్గట్టు చెప్పేవాళ్లు తక్కువ. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు నుంచి జొన్న రొట్టె, సజ్జ రొట్టె, ఆకుకూరలు, పెసర్లు, గింజలున్న జామ, టమాట ఆపాలి. తెల్లన్నం, పెరుగు, గుడ్డు తినొచ్చు. ముందురోజు ద్రవాలే: కొబ్బరినీళ్లు, వడకట్టిన పల్చటి చారు. ఎర్రటి రంగు ఉన్న కూల్‌డ్రింకులు వద్దు, పేగులో నెత్తురులా కనపడతాయి. తర్వాత పేగును కడిగే పెగ్ పొడిని లీటర్ల కొద్దీ నీళ్లలో కలిపి తాగాలి. సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగితే పేగు బాగా శుభ్రపడుతుంది. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. దేవరకొండ దగ్గరి ఊళ్లోనో అచ్చంపేట దగ్గరో ఉన్న మనిషి తెల్లవారుజామున ఆ మందు తాగి హైదరాబాదు బస్సెక్కడం ఎంత కష్టమో ఆలోచించండి. మధ్యాహ్నం టైం ఇవ్వమని అడగండి, లేదా ముందురోజే పోయి దవాఖాన దగ్గరలో ఉండండి. ఆ భయంతో మందు సగమే తాగితే పరీక్షే పాడవుతుంది. జిల్లాలోనే క్రమం తప్పకుండా కొలొనోస్కోపీలు చేసే గ్యాస్ట్రో డాక్టరు ఉంటే, ఈ ఒక్క కారణంతోనే నేను ఆయన దగ్గరికే పొమ్మంటాను.

షుగర్ మందులు, గుండె కోసం వాడే నెత్తురు పల్చబడే గోలీలు వేసుకునేవాళ్లు ముందే చెప్పాలి. సొంతంగా ఆపొద్దు. మత్తు ఇచ్చాక ఆ రోజు బండి నడపకూడదు కాబట్టి తోడు తప్పనిసరి.

కల్లు అలవాటు ఉంటే దాచకండి

ఇది కొంచెం సున్నితమైన విషయమే అయినా చెప్పక తప్పదు. మన జిల్లాల్లో కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపారన్నది అందరికీ తెలిసిన సంగతే. 2015లో కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు జరిగినప్పుడు మహబూబ్‌నగర్ దవాఖానలకు వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో జనం వరుస కట్టారు. ఎండోస్కోపీకి ఇచ్చే మత్తుమందు మిడాజొలాం కూడా అల్ప్రాజోలం కుటుంబానిదే. రోజూ అలాంటి కల్లు తాగేవాళ్లకు మామూలు డోసు పనిచేయకపోవచ్చు. పొద్దున తాగి వస్తే రెండూ కలిసి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. పరీక్ష కోసం రెండు రోజులు హఠాత్తుగా మానేసినా వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరుకు విడిగా చెప్పండి. ఆయన తీర్పు చెప్పడానికి కూర్చోలేదు, డోసు సరిచూసుకోవడానికే ఆ సమాచారం.

సీటీ, ఎంఆర్‌సీపీ

వీటి గురించి క్లుప్తంగానే. పేగు అడ్డం పడ్డప్పుడు, అపెండిక్స్ అనుమానం అల్ట్రాసౌండ్‌లో తేలనప్పుడు, గడ్డ ఎంతదూరం పాకిందో చూడాలన్నప్పుడు సీటీ మేలు. పొట్ట సీటీ ఒకసారి తీస్తే, ప్రకృతి నుంచి మనకు సుమారు మూడేళ్లలో అందేంత రేడియేషన్ ఒంటికి తగులుతుంది. అవసరం ఉన్నప్పుడు భయపడొద్దు, ఊరికే తీయించుకోవద్దు. బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి రంగు మందు ఎక్కించే ముందు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చూపించాలి. పాంక్రియాస్ (క్లోమం) వాపు వచ్చిన మొదటి రోజే సీటీ తీయమని కొందరు పట్టుపడతారు. ఆ రోజు అమైలేజ్, లైపేజ్ రక్త పరీక్షలే ఎక్కువ చెబుతాయి. పాంక్రియాస్ ఎంత దెబ్బతిన్నదో సీటీలో సరిగ్గా తెలియడానికి మూడు రోజులైనా పడుతుంది.

లివర్ నుంచి పేగుకు పిత్తం పోయే పిత్తనాళంలో రాయి ఉందేమోనన్న అనుమానానికి ఎంఆర్‌సీపీ, అంటే ఎంఆర్ఐ యంత్రంతో ఆ నాళాల బొమ్మ తీసే పరీక్ష మంచిది. రేడియేషన్ లేదు, సాధారణంగా ఇంజెక్షన్ కూడా లేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఇక కామెర్ల విషయం. పెద్దవయసువాళ్లకు నొప్పి లేకుండా కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురద పుట్టి, మలం తెల్లగా వస్తుంటే పసరు మందుకు పోయి వారాలు పోగొట్టుకోకండి. పిత్తనాళానికి ఎక్కడో అడ్డం పడి ఉండొచ్చు, అదే రోజు అల్ట్రాసౌండ్ చేయించాలి.

సీటీలో ఏఐ మీద నాకు నిజంగా ఆశ ఉంది. 2023లో చైనా పరిశోధకులు రంగు మందు లేని మామూలు సీటీలోనే పాంక్రియాస్ క్యాన్సర్‌ను పట్టుకునే ప్రోగ్రామ్ గురించి నేచర్ మెడిసిన్ పత్రికలో రాశారు. ఆలస్యంగా బయటపడి ప్రాణం తీసే జబ్బు కాబట్టి అది పెద్ద విషయమే. కానీ ఇవాళ మీరు సెంటర్ ఎంచుకోవడానికి అది ఆధారం కాదు. రిపోర్టు కింద రేడియాలజిస్టు సంతకం ఉందా, ఆయన మీ పాత రిపోర్టులతో పోల్చి రాశారా అనేవి చూడండి.

చిన్నపేగు, టీబీ, కాప్సూల్

పై గొట్టం చేరని, కింది గొట్టం అందుకోని మీటర్ల పొడవు చిన్నపేగు మధ్యలో మిగిలిపోతుంది. దానికి కాప్సూల్ ఎండోస్కోపీ ఉంది. 26 మిల్లీమీటర్ల పొడవున్న కెమెరా గోలీ మింగితే అది పోతూ పోతూ 50,000 పైగా ఫొటోలు తీస్తుంది. అన్నీ కూర్చుని చూడటం డాక్టరుకు గంటన్నర పని. 2019లో చైనాలో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఏఐ సాయంతో ఈ సమయం సగటున 96.6 నిమిషాల నుంచి 5.9 నిమిషాలకు తగ్గింది, జబ్బు దొరకడం కూడా పెరిగింది. ఏఐ ఇక్కడ నిజంగా మేలు చేసిందని ఒప్పుకోవాల్సిందే. కాప్సూల్ చేయించుకోవాల్సి వస్తే ఏఐ ఉన్నచోటును ఎంచుకోవడం సబబు.

అయితే మన దగ్గర పేగు టీబీ ఉంది. అది పేగును అక్కడక్కడా ఇరుకు చేస్తుంది. ఆ ఇరుకులో కాప్సూల్ చిక్కుకుంటే ఆపరేషన్ చేసి తీయాల్సి రావచ్చు. పొట్ట మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి పోతూ, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నవాళ్లు "గోలీ మింగితే అయిపోతుందిగా" అని కాప్సూల్‌కు తొందరపడొద్దు. ముందు చిన్నపేగును ప్రత్యేకంగా చూసే సీటీ అయిన సీటీ ఎంటెరోగ్రఫీలో ఇరుకు ఉందో లేదో చూస్తారు. ఇంకో ముఖ్యమైన మాట. పేగు టీబీ, పేగుకు దీర్ఘకాలం వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. మందులు మాత్రం పూర్తిగా వేరు. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే టీబీ విజృంభిస్తుంది. ఏ ఫొటో, ఏ కంప్యూటరూ ఒంటరిగా దీన్ని తేల్చలేదు. కొలొనోస్కోపీలో తీసిన ముక్కలు, టీబీ పరీక్షలు, సీటీ అన్నీ కలిపి చూడాలి. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు మాత్రం నేనే హైదరాబాదు పొమ్మంటాను.

లివర్‌కు ముందు చౌక లెక్క

అల్ట్రాసౌండ్ రిపోర్టులో "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అని కనపడగానే టెన్షన్ పడి నేరుగా ఖరీదైన పరీక్షలకు పోతున్నారు. ముందు ఫిబ్-4 అనే లెక్క వేయించండి. వయసు, లివర్ పరీక్షలో వచ్చే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అంకెలు, ప్లేట్‌లెట్ సంఖ్య ఉంటే చాలు, ఫోనులోనే అవుతుంది. ఇవన్నీ మామూలు రక్త పరీక్షలే. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ప్రభుత్వ దవాఖానల్లో రక్త పరీక్షలు ఉచితం. లెక్క 1.3 కంటే తక్కువ వస్తే లివర్ గట్టిపడే ప్రమాదం తక్కువ, బరువు, షుగర్, మద్యం అలవాటు మీద దృష్టి పెట్టాలి. 2.67 దాటితే స్పెషలిస్టు దగ్గరికి పోవాలి. మధ్యలో ఉంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ ఉపయోగం. 65 దాటినవాళ్లకు కింది హద్దు 2గా తీసుకుంటారు. ఫైబ్రోస్కాన్‌కు మూడు గంటలు ఏమీ తినకుండా పోవాలి. పొట్టలో నీరు చేరినవాళ్లకు అది సరిగ్గా పనిచేయదు.

ఫోన్‌లోని ఏఐకి ఫిల్మ్ ఫొటో పంపడం

పిల్లలు సీటీ ఫిల్మ్‌ను కిటికీకి ఆనించి ఫొటో తీసి చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. దయచేసి అలా నమ్మకండి. సీటీలో వందల పొరల బొమ్మలుంటాయి, ఫిల్మ్ మీద ఉండేవి ఎంచినవి కొన్నే. వాటి ఫొటో ఇంకా మసకగా ఉంటుంది. ఆ బొమ్మ చూసి అది చెప్పేది ఎంత ధీమాగా ఉన్నా లెక్కలోకి తీసుకోకండి. రిపోర్టులో రాసిన మాటలకు తెలుగులో అర్థం చెప్పమనడం మంచి వాడకమే. "ఆంట్రల్ గ్యాస్ట్రైటిస్ అంటే ఏంటి, డాక్టరును ఏమేం అడగాలి" అని అడిగి, ఆ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని పోతే డాక్టరు ఇచ్చే ఆ పది నిమిషాల సమయం బాగా పనికొస్తుంది. పేరు, ఫోన్ నంబరు, ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు కనపడకుండా మూసి పెట్టండి.

ఇక్కడా, హైదరాబాదా

అల్ట్రాసౌండ్, రక్త పరీక్షలు, మామూలు ఎండోస్కోపీ, సాధారణ సీటీ ఇక్కడే చేయించుకోండి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి, ఉమ్మడి నల్లగొండ పరిధిలో బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. కాప్సూల్, లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్ అయిన ఈయూఎస్, నాళంలో రాయి తీసే ఈఆర్‌సీపీ, పెద్ద పాలిప్ తీయడం వంటివాటికి హైదరాబాదు. అక్కడ ప్రభుత్వ రంగంలో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఉన్నాయి. ప్రైవేటులో ఏఐజీ దవాఖాన పేరు దేశమంతా తెలుసు. దాన్ని స్థాపించిన డాక్టర్ నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మ విభూషణ్ వచ్చింది. ఈఆర్‌సీపీ కావాల్సి ఉందని ముందే తెలిస్తే, అది చేసే చోటే మిగతావీ చేయించుకోవడం మేలు. లేకపోతే పరీక్షలు రెండుసార్లు అవుతాయి.

ఖర్చు సుమారుగా చెప్పాలంటే అల్ట్రాసౌండ్ వెయ్యికి అటూ ఇటూ ఉంటుంది, కాప్సూల్ పదుల వేలకు పోతుంది, మిగతావి వీటి మధ్య వేలల్లో ఉంటాయి. ఏఐ పేరు మీద విడిగా బిల్లు వేస్తామంటే ఆ పరికరం పేరేంటి, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉందా అని అడగండి. జబ్బు చెప్పే సాఫ్ట్‌వేర్ మన దేశంలో వైద్య పరికరం కిందికే వస్తుంది. అడిగే హక్కు మీకుంది. బొంబాయి, పుణెల నుంచి పండక్కి వచ్చినప్పుడు రెండు రోజుల్లో "ఫుల్ బాడీ ప్యాకేజీ" చేయించుకుని పోదామనుకునే పాలమూరు తమ్ముళ్లకు నా సలహా: ఆ పైసలతో ముందు ఒక గ్యాస్ట్రో డాక్టరుకు చూపించుకోండి. ఆయన చెప్పిన ఒక్క పరీక్ష ఆ ప్యాకేజీ కంటే ఎక్కువ చెబుతుంది.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి పది లక్షలు. చేరి చేయించుకునే చికిత్సలకు అది అక్కరకొస్తుంది, కాబట్టి పరీక్షకు డబ్బు కట్టే ముందే దవాఖానలోని ఆరోగ్యమిత్రను కలిసి మీ జబ్బు అందులో వస్తుందో లేదో కనుక్కోండి.

ఎక్కడికి పోయినా సీటీ, ఎంఆర్ఐ తీయించుకున్నప్పుడు ఫిల్మ్‌తో పాటు సీడీ అడిగి తీసుకోండి. అన్ని పొరలూ అందులో ఉంటాయి, హైదరాబాదు డాక్టరు దాన్ని తన కంప్యూటరులో చూసుకుంటే మళ్లీ సీటీ, మళ్లీ ఆ రేడియేషన్ తప్పుతాయి. బయాప్సీ చేయించుకుంటే రిపోర్టుతో పాటు ఆ ముక్క ఉంచిన మైనపు దిమ్మెను, స్లైడ్లను కూడా అడగొచ్చు. రెండో అభిప్రాయం కావాలన్నప్పుడు మళ్లీ గొట్టం వేయించుకోకుండా అవే పంపితే సరిపోతుంది.